అటక మీద ఎలుక, కింద అత్తాకోడళ్లు

కోనసీమ నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి విషయం నా మాటల్లో చెబుతాను.

వాళ్లది మామగారి నాటి పెంకుటిల్లు. భర్త గల్ఫ్‌లో పని చేస్తున్నారు. ఇంట్లో ఆమె, అత్తగారు, నాలుగేళ్ల పాప ఉంటారు. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి రాత్రి లైట్లు ఆర్పితే చాలు, అటక మీద పరుగులు, కీచులాటలు. ఫ్రిజ్ వైరు కొరికేశాయి. ట్రంకు పెట్టె మూత సరిగ్గా పడక, లోపలున్న పెళ్లి పట్టుచీర అంచు పీలికలైంది. పాప అర్ధరాత్రి లేచి బూచి నడుస్తోందని ఏడుస్తోంది. ఒక రాత్రి టార్చి వేసి చూస్తే దూలం మీద కనిపించిందట. "నల్లగా లేదండీ. గోధుమరంగు, పొట్ట తెల్లగా ఉంది, తోక ఒంటికన్నా పొడుగు. ఇది మామూలు ఇంటి ఎలుకా, పందికొక్కా?" అని అడిగారు. బోనులో ఉల్లి బజ్జీ పెట్టారు. దాని పక్క నుంచే పోయాయి తప్ప ఒక్కటీ లోపలికి రాలేదు.

అసలు గొడవ ఇక్కడ మొదలైంది. వినాయకుడి వాహనాన్ని చంపితే పాపమని అత్తగారు అంటారు. "వాటి ముందు మందు మాట ఎత్తకు, వింటాయి" అని కూడా అంటారు. భర్తేమో ఫోన్లో "మందు పెట్టి పారెయ్" అన్నారు. ఈమె అత్తగారికి చెప్పకుండా బజారులో ట్యూబు పేస్టు కొని బియ్యం డ్రమ్ము వెనక దాచారు. అది అత్తగారి కంట పడింది. ఆవిడ రెండు పూటలు అన్నం ముట్టలేదు. "నా ఇంట్లోకి విషం తెచ్చావు" అన్న మాట ఈమెకి ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

ఇంకో చిక్కు. ఇంటి కప్పు మీదికి వాలిన కొబ్బరి చెట్లు పక్కింట్లో ఉండే బావగారివి. పంపకాల నాటి నుంచి మాటలు అంతంతమాత్రం. ఆ చెట్ల కింద ముచ్చిక దగ్గర బెజ్జం పడ్డ లేత కాయలు రాలుతున్నాయి. పక్క వీధిలో ఒకాయనకి ఎలుక జ్వరం వచ్చింది. దానికి తోడు ఫోన్లో ప్లేగు గురించి చదివి ఈమెకి టెన్షన్ ఎక్కువైంది. భర్త ఇప్పుడు ఇల్లే పడగొట్టి స్లాబు వేద్దామంటున్నారు. "ఎవరి మాట వినాలి?" అని అడుగుతున్నారు.

సమాధానం:

ముందు ఆ ట్యూబు సంగతి చూడండి. ఇది చదవడం ఆపి, బియ్యం డ్రమ్ము వెనక నుంచి దాన్ని తీసి, పాపకి అందని చోట తాళం పెట్టండి. బజారులో అమ్మే అలాంటి పేస్టుల్లో చాలావాటిలో ఉండేది పసుపు భాస్వరం. దానికి విరుగుడు లేదు. పిల్లలు టూత్‌పేస్టు అనుకుని నోట్లో పెట్టుకున్న సంఘటనలు మన రాష్ట్రాల ఆసుపత్రులకి కొత్త కాదు. మొదటి ఒకటి రెండు రోజులు మనిషి బాగానే కనిపించవచ్చు, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. అందుకే ఎప్పుడైనా ఎవరి నోట్లోకైనా పోయిందన్న అనుమానం వస్తే, బాగానే ఉన్నారు కదా అని ఆగకుండా 108కి ఫోన్ చేసి, ట్యూబు, దాని అట్టపెట్టె పట్టుకుని వెళ్లాలి. వాడని ట్యూబుని కాలవలో, చెత్తకుప్పలో పడేయకండి. కొన్న షాపుకే తిరిగి ఇచ్చేయండి. తీసుకోకపోతే మండల వ్యవసాయాధికారిని అడగండి.

దీన్నిబట్టి ఈ ఒక్క విషయంలో మీ అత్తగారిదే పైచేయి అని మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆవిడ చెప్పిన కారణం వినాయకుడు. కానీ తిండిగింజల పక్కన, పసిపిల్ల తిరిగే చోట, తనకి చెప్పకుండా విషం దాచడం ఆవిడని ఎక్కువ బాధపెట్టి ఉంటుందని నా అనుమానం. "నా ఇంట్లోకి" అన్న మాట మీకు గుచ్చుకుంది. ఆవిడకి గుచ్చుకున్నది "చెప్పకుండా" అన్నది. ఎలుకల సంగతి ఎలా తేలినా, ట్యూబు తిరిగిచ్చేశానని ఆవిడకి మీరే చెప్పండి. దానికి సంజాయిషీలు అక్కర్లేదు.

ఇప్పుడు దూలం మీది ప్రాణి. మీరు టార్చి వెలుగులో చూసి రాసిన వివరాలు ఎంత బాగున్నాయంటే, నేను అనుమానించాల్సిన పనే లేదు. తోక ఒంటికన్నా పొడుగు అన్నారు కదా, అదే గుర్తు. అది నల్ల ఎలుక. శాస్త్రం పేరు రాటస్ రాటస్. మన దేశంలో ఇళ్లల్లో మామూలుగా తిరిగే ఎలుక ఇదే. పేరులో నలుపు ఉన్నా మన దగ్గర ఎక్కువగా గోధుమరంగులోనే ఉంటుంది. పొట్ట తెల్లగానో బూడిదరంగులోనో ఉంటుంది. నల్లవీ ఉంటాయి, ఓడరేవుల దగ్గర అవి ఎక్కువ. ముక్కు కోసుగా, చెవులు పెద్దగా, పల్చగా, దాదాపు వెంట్రుకలు లేకుండా ఉంటాయి. చెవిని ముందుకి మడిస్తే కంటిదాకా వస్తుంది. ఒళ్లు ఒక జానెడు, బరువు నూటయాభై, రెండొందల గ్రాములు. పందికొక్కు అలా కాదు. దాని ముక్కు మొద్దుగా, తోక ఒంటికన్నా పొట్టిగా ఉంటుంది. పెద్దది కిలో దాకా తూగుతుంది. గాదె కిందా గట్ల కిందా నేల తవ్వుతుంది గానీ మీ దూలాల మీద విన్యాసాలు చేయదు. కాబట్టి మీ ఇంటి పునాది చుట్టూ బొరియలు వెతికి, వాటిలో పొగ పెట్టమని ఎవరైనా చెబితే ఆ డబ్బు దండగ. మీ వాళ్లు పైన ఉన్నారు.

ఈ జాతి చెట్టు మీద పుట్టి పెరిగే అలవాటున్నది. దక్షిణ భారతమే దీని పుట్టిల్లని, ఇక్కడి నుంచే ఓడల్లో రోముదాకా, తర్వాత ప్రపంచమంతా పాకిందని శాస్త్రవేత్తలు చెబుతారు. తాడు మీద, కరెంటు వైరు మీద, కొబ్బరి మట్ట మీద తోకతో తూకం చూసుకుంటూ నడుస్తుంది. కొబ్బరి మొవ్వులో పీచుతో గూడు కట్టుకుంటుంది. దానికి మీ పెంకుటింటి అటక ఇంకో చెట్టు. అదీ వాన పడని చెట్టు, కింద వంటగది ఉన్న చెట్టు. బావగారి కొబ్బరి మట్ట మీ చూరుని తాకుతోంది అంటే రెండు చెట్లకీ మధ్య వంతెన ఉందన్నమాట. ముచ్చిక దగ్గర బెజ్జం పడ్డ కాయలు కూడా దీని పనే. మూడు నుంచి ఆరు నెలల లేత కాయలంటే దానికి ఇష్టం, అవి మెత్తగా ఉంటాయి, నీళ్లూ దొరుకుతాయి.

దాని దినచర్య తెలిస్తే మీ బోను ఎందుకు ఖాళీగా ఉందో తెలుస్తుంది. చీకటి పడ్డాక బయల్దేరుతుంది. చూపు అంతంతమాత్రం. మీసాలతో, వాసనతో దారి వెతుక్కుంటుంది. గోడ అంచు, దూలం అంచు ఒంటికి రాసుకుంటూ ప్రతి రాత్రీ అదే దారిలో వెళుతుంది. పగలు స్టూలు వేసుకుని చూడండి, దూలం మీద ఒకచోట నల్లటి జిడ్డు చార కనిపిస్తుంది. అది దాని ఒంటి జిడ్డు. ఇంకా నమ్మకం కుదరకపోతే అటక అంచున పల్చగా ముగ్గుపిండి చల్లి పడుకోండి. పొద్దున్నే ముందుకాళ్ల గుర్తుల్లో నాలుగేసి వేళ్లు, వెనకకాళ్ల గుర్తుల్లో ఐదేసి, మధ్యలో తోక ఈడ్చిన గీత ఉంటాయి. ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది మీకే చెబుతుంది. కొత్త మట్టి పాత్ర పెట్టినా, స్టూలు జరిపినా, బోను పెట్టినా దానికి అనుమానం. కొత్త వస్తువు కనిపిస్తే కొన్ని రోజులు దూరంగా తిరుగుతుంది. కొత్త తిండి అయితే కొసరు రుచి చూసి ఆగుతుంది. కడుపులో తేడా చేస్తే ఆ వాసన మళ్లీ ముట్టదు. దానికి వాంతి చేసుకునే శక్తి లేదు, అందుకే అంత జాగ్రత్త. "వింటాయి" అని మీ అత్తగారు అన్నది ఊరికే పుట్టిన మాట కాదు. తరతరాలుగా ఆడవాళ్లు మందు పెట్టడం, ఎలుక దాని జోలికి రాకపోవడం చూసి చూసి ఆ మాట అన్నారు. వినడం వల్ల కాదు, మార్పు పసిగట్టడం వల్ల. ఈ సంగతి ఆవిడతో చెప్పండి, మెచ్చుకుంటారు.

మీ ముందు ఉన్న దారుల్లో మీ వారు చెప్పినది మందు. పైన చెప్పిన పేస్టు సరే, నలుపు పొడిగా అమ్మే జింక్ ఫాస్ఫైడ్‌కీ విరుగుడు లేదు. అది కడుపులో విషవాయువుగా మారుతుంది. అది తిని బతికిన ఎలుక మళ్లీ ఆ దరిదాపులకి రాదు. వ్యవసాయశాఖ వాళ్లు ఇళ్లకీ తోటలకీ చెప్పేది బ్రోమాడియోలోన్, మైనపు బిళ్లల్లా దొరుకుతుంది. తిన్న కొన్ని రోజులకి గానీ పని చేయదు కాబట్టి ఎలుకకి అనుమానం రాదు. మనుషులకి ప్రమాదం జరిగితే విటమిన్ కే1 అనే విరుగుడు ఉంది. ఇది తక్కువ చెడ్డది, అంతే. మందు తిన్న ఎలుక నీళ్ల కోసం బయటికెళ్లి చస్తుందని షాపులో చెప్పి ఉంటారు. అందరూ చెప్పే మాటే. అది నిజం కాదు. ఎక్కువసార్లు గూట్లోనే, అంటే మీ పెంకుల కింద, చెయ్యి దూరని సందులో చస్తుంది. ఆ కంపు ఎన్నో రోజులు మీరే భరించాలి. దాన్ని తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా పోయే ప్రమాదం ఉంది. పెంకుటిల్లు, పసిపిల్ల, ఒప్పుకోని పెద్దావిడ ఉన్న ఇంట్లో మందు నా ఓటు పొందదు. అయినా మీరు అదే ఎంచుకుంటే పిల్లల చెయ్యి దూరని, తాళం పడే పెట్టెల్లోనే, మొత్తం ఇంటికి తెలిసేలా పెట్టాలి.

జిగురు అట్టలు కొనకండి. ఎలుక అందులో గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి అరుస్తూ చస్తుంది. ఆ అరుపులకి మీ పాప ఇంకా భయపడుతుంది, అత్తగారు ఆ ఇంట్లో ఉండరు. బల్లులు కూడా అతుక్కుంటాయి. ప్లగ్గులో పెట్టే శబ్దం యంత్రాల సంగతి ఒక్క మాట: ఎలుకలు వాటికి త్వరగానే అలవాటు పడిపోతాయి. పిల్లిని పెంచితే చిట్టెలుకల్నీ, ఎలుక పిల్లల్నీ పడుతుంది గానీ, ఎదిగిన ఎలుకతో పెట్టుకునే పిల్లులు తక్కువ. పైగా పెంకులు కదిలించి వాన నీళ్లు మీ మంచం మీద పోస్తుంది.

బోను మంచిదే, వాడే తీరు మార్చాలి. జిడ్డు చార ఉన్న దూలం మీదో, ముగ్గుపిండిలో గుర్తులు పడ్డ దారిలోనో గోడకి ఆనించి పెట్టండి. తలుపు పడకుండా తాడుతో కట్టేసి, కాల్చిన ఎండు కొబ్బరి ముక్కో, వేరుశెనగ పప్పో లోపల పెట్టి మూడు నాలుగు రాత్రులు తినిపోనివ్వండి. నూనె బజ్జీ మనకి రుచి, కొబ్బరి చెట్టు మీద పెరిగిన ఎలుకకి కొబ్బరే ఇల్లు. తినడం అలవాటయ్యాక కొక్కెం పెట్టండి. ఒక్క బోను కాదు, తెచ్చుకోగలిగినన్ని ఒకే రాత్రి పెట్టండి, ఎందుకంటే ఒకటి పడగానే మిగిలినవి జాగ్రత్తపడతాయి.

పడ్డదాన్ని ఏం చేయాలన్నది మీ ఇంట్లో అసలు ప్రశ్న. ఊరవతల వదిలేస్తే పాపం అంటదని అత్తగారు అనొచ్చు. దగ్గర్లో వదిలితే తిరిగొస్తుంది. దూరంగా ఇంకో ఇంటి దగ్గర వదిలితే ఆ ఇంటి వాళ్ల నెత్తిన పెట్టినట్టు. పొలంలో వదిలితే దారి తెలియని ఆ ప్రాణి చాలావరకు కుక్కకో, గుడ్లగూబకో, పాముకో చిక్కుతుంది. వదలడం మన మనసుకి హాయి, దానికి బతుకుమీద భరోసా కాదు. అది తెలిసి వదిలితే వదలండి, ఆవిడ మాట నిలబెట్టినట్టూ ఉంటుంది. బోనుని బకెట్టు నీళ్లలో ముంచడం మాత్రం చేయకండి, మన పల్లెల్లో మామూలే అయినా అది క్రూరం. చంపాలనే అనుకుంటే మెడ మీద ఠక్కున పడే స్ప్రింగు ఉచ్చు తక్కువ బాధ పెడుతుంది. పాప చెయ్యి అందని అటక మీదే దాన్ని వాడాలి.

ఇవన్నీ చేసినా ఒక లెక్క మరిచిపోతే లాభం లేదు. ఆడ ఎలుక కడుపుతో ఉండేది మూడు వారాలు. ఒక్కో కాన్పుకి ఐదు నుంచి ఎనిమిది పిల్లలు. కళ్లు తెరవకుండా, ఒంటి మీద వెంట్రుక లేకుండా పుట్టిన ఆ పిల్లలు మూడు నాలుగు నెలల్లో తామే తల్లులవుతాయి. ఎలుక బయట ఒక ఏడాది బతికితే గొప్ప, కానీ తిండి దొరికితే సంతానం పెంచుకోవడానికి దానికి ఆ ఏడాదే చాలు. మీరు ఐదింటిని పట్టుకున్నా, పైకి వచ్చే దారి, తినే తిండి అలాగే ఉంటే, బావగారి చెట్టు మీది నుంచి ఇంకో ఐదు దిగుతాయి. అందుకే చంపాలా వద్దా అన్న గొడవ మీద మీరిద్దరూ ఎంత పోట్లాడుకున్నా, ఎలుకల లెక్క పెద్దగా మారదు. మారేది దారి మూస్తేనే, తిండి దాస్తేనే. అందులో అత్తగారికి అభ్యంతరం ఏముంటుంది? ఆవిడే ముందుండి చేయించగలరు. ఏ పెంకు ఎప్పుడు జారిందో, ఏ సందులోంచి వర్షం వస్తుందో ఆ ఇంట్లో ఆవిడకి తెలిసినంత మీకు తెలియదు.

ఎలుక బొటనవేలంత సందులోంచి దూరగలదు, అర అంగుళం చాలు. పెంకుటింట్లో ప్రతి సందూ మూయడం అయ్యే పని కాదు, ఆ భ్రమ పెట్టుకోవద్దు. వంటగదికీ పడకగదికీ పైన మాత్రం సన్న కన్నుల ఇనుప వల బిగించండి, కన్ను పావు అంగుళానికి మించకూడదు. ప్లాస్టిక్ వల కొరికేస్తుంది. దాని ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, కొరికితేనే అరుగుతాయి. ఫ్రిజ్ వైరు మీద దానికి పగ లేదు, పళ్ల పని చేసుకుంది. బియ్యం, పప్పులు స్టీలు డబ్బాల్లోకి, గట్టి మూతల్లోకి మార్చండి. రోజుకి అది తినేది పదిహేను గ్రాములే, కానీ పెంటికలతో, మూత్రంతో పాడుచేసేది దానికి ఎన్నో రెట్లు. రాత్రి ఎంగిలి గిన్నెలు తొట్టిలో వదలకండి. దేవుడి దగ్గర అటుకులు, కొబ్బరి చిప్ప పొద్దున దాకా ఉంచే అలవాటు ఉంటే, దీపం కొండెక్కగానే తీసేయమని అత్తగారిని అడగండి. ఆ మాట మీరు నేరుగా అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, పాప చేత అడిగించండి.

వల కొట్టే ముందు ఒక్క జాగ్రత్త. అటక మీద గూడు ఉంటే, అందులో పిల్లలుంటే, తల్లిని బయట పెట్టి దారి మూస్తే పిల్లలు లోపలే చస్తాయి, మళ్లీ కంపు. మీ పట్టుచీర పీలికలు బహుశా ఆ గూట్లోనే ఉన్నాయి. ముందు బోనులు, తర్వాత పగటి పూట అటక దింపి శుభ్రం, ఆ తర్వాత వల. శుభ్రం చేసేటప్పుడు పొడి పెంటికల్ని చీపురుతో ఊడవకండి, దుమ్ము ముక్కులోకి పోతుంది. బ్లీచింగ్ నీళ్లు చల్లి, కాసేపు నాననిచ్చి, చేతులకి తొడుగులు వేసుకుని గుడ్డతో ఎత్తేయండి.

ఇక బావగారు. చెట్టు నరకమని అడగనవసరం లేదు. మీ కప్పు వైపు వాలిన మట్టలు కొట్టించి, చూరుకీ చెట్టుకీ కనీసం ఆరడుగుల ఎడం ఉంచితే చాలు. అడిగే తీరు కూడా ఒకటుంది. బెజ్జం పడి రాలిన కాయలు కొన్ని ఏరి తోటికోడలికి చూపించండి. మీ ఇంటి గోడు కాదు, వాళ్ల దింపులో పోతున్న కాయల మాట ఎత్తండి. కొబ్బరి పరిశోధకులు చెప్పే పద్ధతి ఒకటుంది. నేల నుంచి రెండు మీటర్ల ఎత్తున, చెట్టు చుట్టూ 40 సెంటీమీటర్ల వెడల్పు జింకు రేకు పట్టీ బిగిస్తే ఎలుక గోళ్లకి పట్టు దొరకదు, పైకి ఎక్కలేదు. కానీ చెట్ల మట్టలు ఒకదానికొకటి తగులుతుంటే పట్టీ వృథా, పక్క చెట్టు నుంచి దూకేస్తాయి. అందుకని మొవ్వు దగ్గర ఎండిన మట్టలు, పీచు కూడా దింపు రోజున శుభ్రం చేయించాలి. దింపు వాళ్లకి ఇచ్చే అదనపు కూలి మీరు పెట్టుకుంటామనండి. ఆయన ఒప్పుకుంటే వాళ్ల కాయలు మిగులుతాయి, మీ ఇంటి వంతెన తెగుతుంది. ఒప్పుకోకపోతే మీ ప్రహరీ లోపలి గాలిలోకి వచ్చిన మట్టల మాట పెద్దల్లో పెట్టొచ్చు, కానీ పంపకాల గాయం మళ్లీ రేగుతుంది. ఆ ధర మీకు ఎక్కువ అనిపిస్తే, మీ చూరు వైపు రేకు అంచు కొట్టించుకుని, ఆ చోట ఎప్పుడూ ఒక బోను ఉంచుకోవడం రెండో మార్గం. పూర్తి ఫలితం రాదు, కానీ గొడవా రాదు.

అత్తగారి నమ్మకం గురించి మీరు కాస్త విసుగ్గా రాశారు. రాజస్థాన్‌లో బికనేర్ దగ్గర దేశ్‌నోక్ అనే ఊళ్లో కర్ణీమాత గుడి ఉంది. అక్కడ వేల ఎలుకలు పళ్లేల్లో పాలు తాగుతాయి, భక్తులు వాటి ఎంగిలిని ప్రసాదమంటారు. అవి మీ అటక మీది జాతే. కాబట్టి ఆవిడ ఒక్కరికే పట్టిన చాదస్తం కాదది. ఆ గుడిలో చిన్నపిల్లల పడకగది లేదన్నది మీరు నెమ్మదిగా చెప్పగల తేడా. ఇంకో మాట కూడా పనికొస్తుంది: ఎలుకలున్న ఇంటికి జెర్రిపోతు, నాగుపాము వెతుక్కుంటూ వస్తాయి. జెర్రిపోతుకి విషం లేదు, నాగుపాముకి ఉంది, చీకట్లో తేడా తెలియదు. కోనసీమలో పుట్టిన పెద్దావిడకి దీని గురించి మీరూ నేనూ చెప్పక్కర్లేదు.

జబ్బుల సంగతి. ప్లేగు వార్తలు చదవడం ఆపేయండి. అది నేరుగా ఎలుక వల్ల కాక, దాని ఒంటి మీద బతికే, గెంతే చిన్న పురుగు (ఇంగ్లీషులో ఫ్లీ) కాటు వల్ల మనిషికి వస్తుందని 1898లో పాల్ లూయీ సీమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో కనిపెట్టాడు. ఎలుక చచ్చి చల్లబడితే దాని ఒంటి పురుగులు దిగి ఇంకో ఒంటిని వెతుక్కుంటాయి. మీకు అందులో పనికొచ్చేది ఒక్కటే, చచ్చిన ఎలుకని ఒట్టి చేత్తో తోకపట్టి విసరొద్దు. ఎలుక జ్వరం మాత్రం మన డెల్టాకి నిజమైన బెడద. లెప్టోస్పైరా అనే క్రిమి ఎలుక మూత్రంలో ఉంటుంది. తడి నేలలో, నిలవ నీళ్లలో బతికి, కాలి పగుళ్ల నుంచి, కంటి నుంచి లోపలికి పోతుంది. వానాకాలం, వరిచేలో దిగినప్పుడు ఎక్కువ. కాబట్టి పక్క వీధి ఆయనకి మీ అటక వల్ల వచ్చిందనుకుని కుమిలిపోకండి. ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి జ్వరం, పిక్కల్లో తట్టుకోలేని నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే, మెడికల్ షాపు బిళ్లలతో రోజులు గడపకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి, ఇంట్లో ఎలుకలున్నాయని మీరే ముందు చెప్పండి. తొందరగా పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్స్‌కే లొంగుతుంది. ఆలస్యమైతే కామెర్లు, కిడ్నీల దాకా పోతుంది.

చివరికి స్లాబు ఇల్లు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టని మనవాళ్లు ఊరికే అనలేదు. స్లాబు ఇంట్లో ఎలుకలు ఉండవని మీ వారు అనుకుంటున్నారు. పైపుల పక్క సందులోంచి, ఏసీ కన్నంలోంచి, తలుపు కింద నుంచి వచ్చే ఎలుకల గురించి హైదరాబాదు అపార్టుమెంట్ల వాళ్లని అడిగితే చెబుతారు. వానకి కారుతోందనో, గదులు చాలడం లేదనో కట్టుకుంటే కట్టుకోండి, దానికి ఎలుకని సాకు చేయొద్దు. అప్పు తీర్చేది ఆయన ఒంటరిగా అక్కడ పడే కష్టమే. ఈసారి ఫోన్ చేసినప్పుడు "మందు పెట్టనా వద్దా" అని అడగకండి. ఇనుప వలకీ, కొత్త వైరింగుకీ, దింపు కూలీకీ ఎంతవుతుందో వడ్రంగిని, కరెంటు పనివాణ్ణి పిలిచి అంచనా వేయించి, ఆ అంకె ఆయనకి చెప్పండి. కొరికిన ఫ్రిజ్ వైరు మాత్రం ఆ అంచనా కోసం ఆగకూడదు. రాగి బయటపడి ఉంటే ఎండు పీచు గూడు పక్కనే నిప్పు పుట్టడానికి ఎంతో సేపు పట్టదు. మారేదాకా ప్లగ్గు తీసే ఉంచండి.